ఉప్పునీటిలో నత్రజని: పాత పద్ధతా, అనామాక్సా?

కొత్తవాడ నుంచి ఫోను వచ్చినా, గీసుగొండ వైపు నుంచి వచ్చినా ప్రశ్న ఒకటే: "అద్దకం నీటిలో అమోనియా దిగడం లేదు, అనామాక్స్ పెట్టించమంటారా?" ప్రింటింగులో వాడిన యూరియా మురుగులో అమోనియాగా మారుతుందని వాళ్లకు తెలుసు. అనామాక్స్ అంటే, ఆక్సిజన్ లేని చోట అమోనియాను నైట్రైటుతో (అమోనియా నైట్రేటుగా మారే దారిలో మధ్య మజిలీ) కలిపి నేరుగా నత్రజని వాయువుగా మార్చే బ్యాక్టీరియా. ఎవరో వచ్చి దాని గురించి ఊరించి వెళ్లి ఉంటారు.

ఊరించే గుణాలు దానికి లేకపోలేదు. పాత పద్ధతిలో కిలో అమోనియా నత్రజనిని నైట్రేటు చేయడానికి దాదాపు 4.57 కిలోల ఆక్సిజన్ కావాలి. ఆ నైట్రేటును వాయువుగా పంపడానికి బ్యాక్టీరియాకు మళ్లీ మేత వేయాలి, అంటే మొలాసిస్ కొనాలి. అనామాక్స్‌కు ఆ మేత అక్కర్లేదు, గాలి ఖర్చు సగానికి పైగా మిగులుతుంది. వెచ్చదనం దానికి ఇష్టం, ఓరుగల్లులో దానికేం కొదవ? ఉప్పంటే భయమూ లేదు, దాని దాయాదులు సముద్రంలోనే బతుకుతున్నాయి.

అయినా మన యూనిట్లకు నేను వద్దనే అంటాను. నా లెక్కలో తేల్చేది ఉప్పు నిలకడ. లీటరుకు 20 గ్రాములున్నా, రోజూ అంతే ఉంటే బ్యాక్టీరియా అలవాటు పడుతుంది. బయటి ఉప్పుకు సరితూగేలా కణంలో బీటెయిన్ వంటి పదార్థాలు కూడబెట్టుకుంటుంది. దానికి వ్యవధి కావాలి. మన దగ్గర రియాక్టివ్ రంగుల తొట్టి నీటిలో లీటరుకు 40 నుంచి 80 గ్రాముల ఉప్పు, గంట తర్వాత అదే కాలువలో వచ్చే కడుగునీరు దాదాపు మంచినీరు.

నేను చూసే ఒక యూనిట్ సద్దుల బతుకమ్మకు మూసి, దసరా దాటాక తెరిచారు. నిల్వ ఉన్న రంగు తొట్లన్నీ ఒక్కసారే వదిలారు. వచ్చే నీళ్లన్నిటినీ కలిపి నిలకడ చేయడానికి ముందుండే ఈక్వలైజేషన్ ట్యాంకు చిన్నది, ఆ కొలత వేసింది నేనే. అమోనియా మళ్లీ దారికి రావడానికి మూడు వారాలు పట్టింది. అక్కడున్నవి మామూలు బ్యాక్టీరియా కాబట్టి మూడు వారాలు. అనామాక్స్ రెట్టింపు కావడానికే పది పన్నెండు రోజులు. 2002లో రోటర్‌డామ్‌లో కట్టిన మొదటి పెద్ద అనామాక్స్ ప్లాంటు పూర్తి సామర్థ్యం అందుకోవడానికి మూడున్నరేళ్లు పట్టింది, అదీ ఆ బ్యాక్టీరియాను బాగా ఎరిగినవాళ్ల చేతుల్లో.

నేను ఎంచుకున్నది నడిమి దారి. నైట్రైటును నైట్రేటు చేసే బ్యాక్టీరియాకు సాధారణంగా ఉప్పు దెబ్బ ఎక్కువ తగులుతుంది, అందుకే ఉప్పునీటిలో నైట్రైటు పేరుకుంటుంది. చాలామంది దాన్ని జబ్బుగా చూస్తారు. నైట్రైటు దగ్గరే ఆపి అక్కడి నుంచే వాయువుగా పంపితే గాలిలో నాలుగో వంతు, మేతలో 40 శాతం ఆదా. బయటికి వెళ్లే నీటిలో నైట్రైటు మిగలకుండా రోజూ పరీక్షించాలి, అంతే. స్లడ్జ్, అంటే బ్యాక్టీరియా ముద్ద, కొట్టుకుపోకుండా అది అంటుకుని పెరిగే ప్లాస్టిక్ క్యారియర్లు వేశాం. ఈక్వలైజేషన్ ట్యాంకు పెద్దది చేశాం. గాలి కొట్టే బ్లోయరు మీద పెట్టే డబ్బు ముందు ఈ ట్యాంకు మీద పెట్టండి.

మేత లెక్కకు సీవోడీ (నీటిలోని సేంద్రియ పదార్థాన్ని అంచనా వేసే కొలత) చూసేటప్పుడు జాగ్రత్త: ఉప్పులోని క్లోరైడు ఆ అంకెను పెంచి చూపిస్తుంది. ల్యాబులో ఆ క్లోరైడును అడ్డుకునే పాదరసం సల్ఫేటు సరిపడా వేశారో లేదో అడగండి.

ప్యాకెట్లలో అమ్మే, ఉప్పును తట్టుకునే బ్యాక్టీరియా మొదట్లో విత్తనంగా పనికొస్తుంది. నెలనెలా కొనమంటే కొనకండి.

ఫోను చేసే ముందు వారం రోజులు గంటగంటకు టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) రాసిపెట్టుకోండి. అంకెలు పెద్దగా కదలకపోతే, అమోనియా కూడా బాగా చిక్కగా ఉంటే, అప్పుడు అనామాక్స్ మాట మాట్లాడదాం.