“సీడీ వేస్తే ఇంగ్లీష్ వచ్చేస్తది మేడమ్” అన్నవాడి దగ్గర కెమెరా కొనకండి

ఇప్పుడే కోఠీ నుంచి వచ్చాను. బ్యాగు సోఫాలో పడేసి రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

నాకు కెమెరా అమ్మిన పేజీ పేరు చెప్పను. పాత డిజీక్యామ్‌ల, అంటే చిన్న డిజిటల్ కెమెరాల, రీల్స్ చూసేవాళ్లకి చెప్పక్కర్లేదు కూడా. పసుపు గోడ, దాని ముందు చేతిలో వెండి రంగు కెమెరా, వెనకాల ఎప్పుడూ అదే మ్యూజిక్. నేనూ మూడు వారాలు చూసి చూసి పడిపోయాను. సీసీడీ సెన్సర్ (పాత డిజిటల్ కెమెరాల్లో ఉండే రకం), 2008 మోడల్, 9,500 రూపాయలు. రీల్‌లో మెనూ ఇంగ్లీష్‌లో ఉంది, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను. “బాక్సు, ఛార్జర్, ఒరిజినల్ సీడీతో సహా” అని రాశారు. సీడీ కూడా ఇస్తున్నారని మురిసిపోయాను, చెప్పుకోవడానికే సిగ్గేస్తోంది. మా ఇంట్లో సీడీ డ్రైవ్ ఉన్న కంప్యూటర్ ఎప్పుడో పాత సామాన్లవాడికి వెళ్లిపోయింది.

శనివారం కోఠీలో వాళ్ల కొట్టుకి వెళ్లి తెచ్చుకున్నాను. “బ్యాటరీలో ఛార్జ్ లేదు మేడమ్, ఇంటికెళ్లి పెట్టుకోండి” అన్నాడు కొట్టువాడు. సరే అన్నాను. బండి మీద బెండకాయల్ని కూడా తుంచి చూసి తీసుకునేదాన్ని, తొమ్మిదిన్నర వేల కెమెరాని ఆన్ చేయకుండా తెచ్చుకున్నాను. ఛార్జర్‌కి చదును పిన్నులు. బాక్సు మీద అన్నీ జపాన్ అక్షరాలు. అప్పుడైనా బుర్ర వెలగాలి కదా, వెలగలేదు.

రాత్రి ఆన్ చేస్తే మెనూ మొత్తం జపనీస్. పానా బొమ్మ ఉన్న సెట్టింగ్స్ పేజీలో పై నుంచి కింది దాకా నాలుగుసార్లు దిగాను. భాష మార్చుకునే లైనే లేదు. ఫోన్ చేశాను. “అదా! సీడీ ఇచ్చాం కదా మేడమ్. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసి కెమెరా కనెక్ట్ చేయండి, ఇంగ్లీష్ వచ్చేస్తది.” ఎంత ధీమాగా చెప్పాడంటే, తెలియక ఫోన్ చేశానని నేనే సారీ చెప్పి పెట్టేశాను.

ఇప్పుడు తెలిసిన సంగతి ఏంటంటే, జపాన్‌లో అమ్మడానికే చేసిన మోడళ్లలో కొన్నింటికి జపనీస్ తప్ప ఇంకో భాషే పెట్టరు. కెమెరాని నడిపే లోపలి ప్రోగ్రామ్‌లో, అంటే ఫర్మ్‌వేర్‌లో, లేని భాష ఆ సీడీతో రాదు. అందులో ఉండేది ఫొటోలు కంప్యూటర్‌లోకి దించి తేదీలవారీగా ఆల్బమ్‌లో పెట్టే ప్రోగ్రామ్, అంతే. కంపెనీ మీద నాకేం కోపం లేదు, వాళ్ల ఊరివాళ్ల కోసం వాళ్లు చేసుకున్నారు.

ఆదివారం నల్గొండలో మా చెల్లి శ్రీమంతం. ఆటో మోడ్‌లో పెట్టి తీసేశాను, బటన్ నొక్కడానికి భాషతో పనేముంది. 140 ఫొటోలు. నిజం చెప్పాలంటే చాలా బాగా వచ్చాయి. ఫ్లాష్ పడి గాజులు తళతళా మెరుస్తున్నాయి, చెల్లి బుగ్గల మీద పసుపు అచ్చం మా చిన్నప్పటి ఆల్బమ్‌లో ఫొటోలా ఉంది. అందుకే ఇంకా మండుతోంది నాకు. ఆ రాత్రే కార్డు తీసి కాపీ చేసుకోవాల్సింది. ఎలాగూ సాఫ్ట్‌వేర్ వేస్తున్నాను కదా, దాంతోనే దించుదాంలే అని ఆగాను.

సోమవారం ఆఫీసులో ఒకబ్బాయిని అడిగి, బయట తగిలించే డీవీడీ డ్రైవ్ తెచ్చుకున్నాను. సీడీ మీద ఎక్స్‌పీ, విస్టా అని ఉంది. నాది విండోస్ 11. అయినా ఇన్‌స్టాల్ మొదలైంది, కానీ ప్రతి బాక్సులో పిచ్చి గుర్తులు, ప్రశ్నార్థకాలు. ఆ అబ్బాయే సిస్టమ్ లొకేల్‌ని, అంటే విండోస్‌లో ఉండే దేశం-భాష సెట్టింగ్‌ని, జపాన్‌కి మార్చి రీస్టార్ట్ చేయమన్నాడు. చేశాను. పిచ్చి గుర్తులు పోయి చక్కని జపనీస్ వచ్చింది. ఏం అభివృద్ధి! కుడి పక్క బటన్ నొక్కుకుంటూ పోతే చివరికి ఖాళీ ఆల్బమ్ ఒకటి తెరుచుకుంది. కెమెరా తగిలిస్తే నాకు అర్థం కాని ప్రశ్న ఏదో అడిగింది. కెమెరాలో మాత్రం ఒక్క అక్షరం మారలేదు.

మళ్లీ ఫోన్. “అయితే రీసెట్ కొట్టండి మేడమ్, పానా బొమ్మ పేజీలోనే ఉంటది.” ఫోన్‌లో అనువాదం యాప్ తెరిచి కెమెరా స్క్రీన్ మీద పట్టుకున్నాను. వణుకుతూ వణుకుతూ ఒక లైన్ దగ్గర ‘ఇనీషియలైజ్’ అని చూపించింది. రీసెట్ అంటే ఇదే అనుకున్నాను. నొక్కితే ఏదో హెచ్చరిక, దాని కింద రెండు మాటలు. ఒకదానికి రెండక్షరాలు, ఇంకోదానికి మూడు. రెండక్షరాలది నొక్కాను.

రెండక్షరాలది ‘హై’, అంటే అవును. మూడక్షరాలది ‘ఈయే’, అంటే కాదు. నేను నేర్చుకున్న మొదటి జపనీస్ పాఠం ఇది, ఫీజు 140 ఫొటోలు. అది కెమెరా రీసెట్ కాదు, కార్డు ఫార్మాట్, అంటే కార్డు ఖాళీ చేసేయడం.

నొక్కింది నేనే, ఒప్పుకుంటాను. అయినా ఇవాళ కొట్టుకి వెళ్లాను. వాడు ఇద్దరు కాలేజీ పిల్లలకి అలాంటి కెమెరానే చూపిస్తున్నాడు. నేను జరిగిందంతా చెబుతుంటే నా వైపు చూడను కూడా చూడలేదు. “జపాన్ కెమెరాలో జపనీస్ కాక తెలుగు వస్తదా మేడమ్?” అన్నాడు. పిల్లలు నవ్వారు. స్క్రీన్‌షాట్ చూపించాను. “అది వేరే పీసు. మీరు మోడల్ అడిగిన్రు, లాంగ్వేజ్ అడగలే.” మరి సీడీ వేస్తే వస్తుందని మీరే చెప్పారు కదా అన్నాను. అప్పుడు తలెత్తాడు.

“ఏదో ఒకటి చెప్పకపోతే మీరు ఫోన్ పెట్టరు కదా మేడమ్.”

మళ్లీ చదవండి. తెలియక చెప్పలేదు వాడు. రాదని తెలుసు, మొదటి రోజు నుంచీ తెలుసు. నేను డ్రైవ్ అడుక్కొచ్చి, లొకేల్ మార్చి, రాత్రి పన్నెండింటి దాకా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నదంతా వాడు ఫోన్ పెట్టించడానికి అన్న ఒక్క ముక్క కోసం. పైగా “కావాలంటే నాలుగు వేలకి వాపస్ తీసుకుంటా” అని ఆఫర్. దానికి నేనేమన్నానో తెలుసా? “సరేనండీ, ఆలోచించి చెప్తాను.” అండీ అట! వాడిని!

బిల్లు లేదు. యూపీఐలో డబ్బు వెళ్లింది ఎవరో ఆవిడ పేరు మీద. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి రేపు పొద్దున్నే ఫోన్ చేస్తాను, ఏమంటారో చూడాలి.

ఎవరైనా ఇంకా కొనాలనుకుంటే, కెమెరా ఆన్ చేయించి, మీకు ఇచ్చే పీసులోనే భాషల జాబితా తెరిపించి ఇంగ్లీష్ చూశాకే డబ్బు కొట్టండి. ఒంటి మీద పేరు కూడా చూసుకోండి. కెనాన్‌వి అయితే జపాన్‌లో ‘ఇక్సీ’ అని, మన దగ్గర ‘ఇక్సస్’ అని అమ్మారు. ఫొటోలు దించుకోవడానికి సీడీతో పనే లేదు, కార్డు రీడర్‌లో పెట్టి ఫొటోలుండే డీసీఐఎం ఫోల్డర్ కాపీ చేసుకుంటే చాలు. పొరపాటున ఫార్మాట్ అయితే ఆ కార్డు మీద ఇంకొక్క ఫొటో కూడా తీయకండి, పాతవి చాలావరకు లోపలే ఉంటాయి. నేను రీసెట్ అయిందో లేదో చూద్దామని గోడని, ఫ్యాన్‌ని, పిల్లిని తీశాను.

ఫొటోరెక్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రామ్‌తో 113 వెనక్కి వచ్చాయి, ఫైళ్ల పేర్లు మాత్రం పోయాయి. అమ్మ గాజులు తొడుగుతున్న ఫొటోలు వాటిలో లేవు. చెల్లికి ఇంకా చెప్పలేదు.

ఆ లొకేల్ మార్చినప్పటి నుంచి నా ల్యాప్‌టాప్‌లో బ్యాక్‌స్లాష్ ఉండాల్సిన చోట జపాన్ యెన్ గుర్తు కనబడుతోంది. మళ్లీ ఇండియాకి ఎలా మార్చాలో తెలిసినవాళ్లు చెప్పండి, అది చూసినప్పుడల్లా వాడి మొహమే గుర్తొస్తోంది.