చిట్టాలో బ్రాకెట్ల మధ్య అంకెలు తీయాలా? పవర్ క్వెరీకే మా ఓటు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణం చిట్టా ఎక్సెల్‌లో ఇట్లా ఉందనుకోండి: ‘తేజ [42] పరకాల [14,500]’. మొదటి బ్రాకెట్‌లో బస్తాలు, రెండోదాంట్లో క్వింటాల్ రేటు. ఈ రెండిటినీ వేరే కాలమ్‌లలోకి తీయడానికి పవర్ క్వెరీ చాలా మంచి పనిముట్టు. 2016 నుంచి విండోస్ ఎక్సెల్‌లోనే వస్తోంది, విడిగా కొనక్కర్లేదు.

అంకెలు మాత్రమే ఏరుకుంటే చాలదా అంటే, చాలదు. ‘341 [38] నర్సంపేట [13,200]’ అని వచ్చిందంటే మిర్చి రకం పేరే బస్తాల లెక్కలో కలుస్తుంది. పట్టుకోవాల్సింది బ్రాకెట్లనే.

చిట్టాను పవర్ క్వెరీలో తెరిచి, యాడ్ కాలమ్ ట్యాబ్‌లో ఎక్స్‌ట్రాక్ట్, అందులో టెక్స్ట్ బిట్వీన్ డీలిమిటర్స్ (హద్దు గుర్తుల మధ్య ఉన్న టెక్స్ట్) నొక్కాలి. స్టార్ట్‌కు ‘[’, ఎండ్‌కు ‘]’ ఇస్తే బస్తాలు వచ్చేస్తాయి. రేటుకు ఇదే మళ్లీ చేసి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో వదిలేయాల్సిన స్టార్ట్ డీలిమిటర్లు 1 అని పెట్టాలి. ఎండ్ దగ్గర 0 అట్లానే ఉండాలి. ముగింపు బ్రాకెట్‌ను వెతకడం రెండో ‘[’ దాటాకే మొదలవుతుంది కాబట్టి అక్కడ కూడా 1 పెడితే రేటు పాడవుతుంది. ట్రాన్స్‌ఫామ్ ట్యాబ్‌లోనూ ఎక్స్‌ట్రాక్ట్ ఉంది, దాని జోలికి పోవద్దు. అసలు కాలమ్‌నే మార్చేస్తుంది.

దీంట్లో పెద్ద లోపం ఒకటుంది. గుమాస్తా ‘[’ పెట్టడం మరిచిన వరుసలో ఎర్రర్ రాదు, రేటు గడి ఖాళీగా మిగులుతుంది. మరిచింది మొదటి ‘[’ అయితే రేటే బస్తాల గడిలోకి వచ్చి, టోటల్ చడీచప్పుడు లేకుండా తప్పుతుంది. అందుకే ఫిల్టర్‌లో ఖాళీ గడులు చూసి, సరిదిద్దాకే కాలమ్‌ను నంబర్‌గా మార్చాలి. అప్పటిదాకా అది టెక్స్టే, కూడికకు రాదు.

మైక్రోసాఫ్ట్ 365 ఉన్నవాళ్లకు ఇంకో దారి: రేటుకు =TEXTBEFORE(TEXTAFTER(A2,"[",2),"]"). రెండో బ్రాకెట్ లేకపోతే #N/A అని మొహం మీదే చెప్తుంది. డబ్బు లెక్కకు ఇదే పద్ధతి, ఈ విషయంలో పవర్ క్వెరీ కంటే మేలు. 2019, 2021 ఎక్సెల్‌లలో మాత్రం ఈ ఫంక్షన్లు లేవు.

నమూనా చూసి మిగతా గడులు నింపే ఫ్లాష్ ఫిల్ ఈ పనికి వద్దు. రేపు చేర్చిన వరుసలకు అది దానంతటది నిండదు; పవర్ క్వెరీలో రిఫ్రెష్ ఒక్కటి కొడితే సరి. కొన్ని వరుసల్లో ‘(’ వాడి ఉంటే మాత్రం ముందే రీప్లేస్ వాల్యూస్‌తో అన్నిటినీ ‘[’గా, ‘)’లను ‘]’గా మార్చుకోవాలి.