మార్కులా, వాటానా? ఏది మేలు?

నల్లగొండలో గ్రూప్స్‌కు చదివే పిల్లలకు పాలిటీ చెప్తుంటాను. ఏ బ్యాచ్ అయినా సరే, సర్కారు ఉద్యోగాల్లో సమాన అవకాశం గురించి చెప్పే ఆర్టికల్ 16 దగ్గరికి రాగానే వెనక బెంచీలోంచి ఒక చెయ్యి లేస్తుంది. "ఇదంతా సరే సార్, అసలు మెరిట్ మేలా, రిజర్వేషన్ మేలా?" అడిగేది ఒకసారి ఓసీ పిల్లాడు, ఇంకోసారి బీసీ పిల్ల. ఎవరు అడిగినా క్లాసంతా గప్‌చుప్. సార్ ఏ వైపో తేల్చుకుందామని అందరూ నా మొహమే చూస్తారు. పది నిమిషాల్లో తేలే ముచ్చట కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. పైగా ఈ మధ్య నేనే ఒక చిన్న ఉద్యోగానికి మనిషిని ఎంచాల్సి వచ్చింది. అది చివర చెప్తా.

ముందు మార్కుల పక్షం మాట్లాడతాను, ఎందుకంటే రాతపరీక్ష విలువ పైరవీ లేనోడికే తెలుస్తుంది. ఓఎంఆర్ షీటు ఇంటిపేరు చదవదు. 2022లో గ్రూప్-1కు ఇంటర్వ్యూలు తీసేసినప్పుడు మా దగ్గర ఎక్కువ సంబరపడింది ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలే. ఇంటర్వ్యూ గదిలో ఇంగ్లిషు తడబడుతుందని, ఊరి పేరు చెప్పగానే మొహాలు మారుతాయని వాళ్ల భయం. ఆ భయం ఉత్తది కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ అనే ఇద్దరు 2007లో ఒక అధ్యయనం అచ్చువేశారు. ప్రైవేటు కంపెనీలకు ఒకే అర్హతలున్న దరఖాస్తులను ఇంటిపేర్లు మాత్రం మార్చి పంపారు. దళిత ఇంటిపేరున్న వాళ్లకు పిలుపులు తక్కువ వచ్చాయి. పరీక్ష లేని చోట 'మెరిట్' అన్న మాట ఎంత వదులుగా ఉంటుందో ఇక్కడే తెలుస్తుంది. 2023 మార్చిలో పేపర్ లీకై గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయినప్పుడు రోడ్డెక్కిన పిల్లల్లో అన్ని కులాల వాళ్లూ ఉన్నారు. నిజాయితీగా జరిగే పరీక్ష అందరికీ కావాలి. ఇందులో నాకు రెండో మాట లేదు.

ఇక అసలు సంగతి. నా లెక్కలో ఈ తగవును తేల్చేది ఒక్కటే. కొలిచేది దేంతో, ఆ కొలబద్దను ఎవరు చేశారు? దీనికి రాజ్యాంగ సభ చర్చల దాకా పోనక్కర్లేదు, మన తాతల కథ చాలు.

హైదరాబాద్ రాజ్యంలో సర్కారు నౌకరీకి ఉర్దూ కావాలి. 1918లో పెట్టిన ఉస్మానియాలో చదువు కూడా ఉర్దూలోనే. మన పాలమూరు, నల్లగొండల నుంచి ఏ కొద్దిమందో కష్టపడి ఆ చదువు చదివారు. 1948 సెప్టెంబరులో రాజ్యం భారతదేశంలో కలిసింది. ఆఫీసుల్లోకి ఇంగ్లిషు వచ్చింది, ఇంగ్లిషు వచ్చినోళ్లు బయటి నుంచి దిగారు. నిన్నటిదాకా చదువుకున్నోడు అనిపించుకున్న మనిషి తెల్లారేసరికి అర్హత లేనోడు అయ్యాడు. వాడి బుర్ర మారలేదు, కొలబద్ద మారింది. 1952లో 'నాన్ ముల్కీ గో బ్యాక్' (ముల్కీ అంటే స్థానికుడు) అని హైదరాబాద్‌లో విద్యార్థులు వీధుల్లోకి వస్తే కాల్పులు జరిగాయి. 1919 నాటి ముల్కీ నిబంధనలు, 1969 ఉద్యమం, 1973 ఆరు సూత్రాలు, ఆర్టికల్ 371-డి, 1975 రాష్ట్రపతి ఉత్తర్వు, 1985లో 610 జీవో. సిలబస్‌లో ఇవన్నీ వేరే వేరే చాప్టర్లు, కానీ వీటన్నిటి వెనకా ఉన్న వాదం ఒకటే. మార్కులు తక్కువొచ్చినంత మాత్రాన మావాడు తక్కువోడు కాదు, మా ఊరి కొలువులో మావాడు ఉండాలి.

ఇప్పుడు 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం డైరెక్ట్ రిక్రూట్‌మెంట్‌లో 95 శాతం లోకల్‌కే. 1975 ఉత్తర్వులో జిల్లా పోస్టులకు 80, జోనల్ పోస్టులకు (జోన్ అంటే ఉద్యోగాల కోసం కొన్ని జిల్లాలను కలిపిన విభాగం) 70 ఉండేది. అప్పట్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ హైదరాబాద్, రంగారెడ్డిలతో పాటు ఆరో జోన్‌లో ఉండేవి. పట్నంలో కోచింగ్ తీసుకున్నోళ్లతో మనకు పోటీ ఏందని ఇక్కడ అందరూ గొణిగినవాళ్లే. ఇప్పుడు నల్లగొండ యాదాద్రి జోన్‌లో, పాలమూరు జోగుళాంబ జోన్‌లో, హైదరాబాద్ చార్మినార్ జోన్‌లో. నల్లగొండ జిల్లా పోస్టుకు హన్మకొండ పిల్లాడు మనోడికంటే పది మార్కులు ఎక్కువ తెచ్చుకున్నా, ఆ 95 శాతంలో వాడికి చోటు లేదు. దీన్ని మెరిట్‌కు జరిగిన అన్యాయమని నా క్లాసులో ఇప్పటిదాకా ఒక్కరూ అనలేదు. అందరూ ఒకటి నుంచి ఏడో తరగతి దాకా చదివిన బడుల చుట్టూ తిరిగి, బోనఫైడ్లు జాగ్రత్తగా ఫైలులో పెట్టుకుంటారు. జిల్లా పేరు మీద వాటా న్యాయం, కులం పేరు మీద వాటా అన్యాయం ఎట్లయితదో చెప్పండని అడిగితే ఆ వెనక బెంచీ చెయ్యి మెల్లగా దిగుతుంది.

తేడా లేదని కాదు. జిల్లాను మనిషి మార్చుకోవచ్చు, కులం పుట్టుకతో అంటుకుంటుంది. కానీ నాకు ఆ తేడా కులం వాటాకే బలంగా కనిపిస్తుంది. వెనకబడిన ప్రాంతం వాడు పట్నం పోయి నాలుగేళ్లు చదివి తేరుకోవచ్చు. కులానికి ఆ వెసులుబాటు లేదు.

తర్వాత వచ్చేది డాక్టర్ ప్రశ్న. "రిజర్వేషన్ డాక్టర్‌తో ఆపరేషన్ చేయించుకుంటారా సార్?" సీటు ఎట్లా వచ్చినా ఎంబీబీఎస్ ఫైనల్ పాసయ్యే మార్కు అందరికీ ఒకటే. ప్రైవేటు కాలేజీల్లో సగం సీట్లు బీ కేటగిరీ, ఎన్నారై కోటా. వాటిలో ఏ ర్యాంకుకు సీటొచ్చిందని ఏ పేషంటూ అడగడు. 2023లో డాక్టర్ల పీజీ ఎంట్రన్స్ అయిన నీట్ పీజీ కటాఫ్‌ను అన్ని కేటగిరీలకూ సున్నా పర్సెంటైల్‌కు దించారు, అప్పుడు మెరిట్ గురించి ఈ స్థాయి గోల వినలేదు. రైల్వేల మీద అశ్వినీ దేశ్‌పాండే, థామస్ వైస్‌కాఫ్ చేసిన అధ్యయనం కూడా ఉంది. 1980 నుంచి 2002 దాకా లెక్కలు చూస్తే, ఎస్సీ ఎస్టీ ఉద్యోగులు ఎక్కువున్న చోట పని దెబ్బతిన్న ఆనవాళ్లు వాళ్లకు దొరకలేదు.

వాటా పద్ధతికి లోపాలు లేవా? ఉన్నాయి, పెద్దవే. ఒకే కేటగిరీలో ముందే మెట్టెక్కినోళ్లు మళ్లీ మళ్లీ ఎక్కుతారు. ఎస్సీ వర్గీకరణ, అంటే ఎస్సీల వాటాను ఆ కులాల మధ్య విడగొట్టి పంచడం కోసం మాదిగ దండోరా ఉద్యమం మోగింది 1994లో. సుప్రీంకోర్టు ఒప్పుకున్నది 2024 ఆగస్టు 1న. మన దగ్గర 15 శాతాన్ని 1, 9, 5గా విడగొట్టిన చట్టం అమల్లోకి వచ్చింది 2025 ఏప్రిల్ 14న. ముప్పై ఏళ్లంటే ఒక తరం వయసు దాటిపోయినట్టే.

ప్రజాజీవితంలోనైతే మెరిట్ వాదానికి కాళ్లే లేవు. సర్పంచికి ఎంట్రన్స్ పరీక్ష ఏదీ? 1952లో నల్లగొండ పార్లమెంటు స్థానం ద్విసభ్య నియోజకవర్గం, అంటే ఒకే చోటి నుంచి ఇద్దరు ఎంపీలు. రావి నారాయణరెడ్డితో పాటు రిజర్వుడు సీటు నుంచి సుంకం అచ్చాలు కూడా గెలిచారు. ఇక 2018లో తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. అంతకుముందు తండా బోరు రిపేరు కావాలంటే పెద్దూరి సర్పంచి గడప తొక్కాలి. ఇప్పుడు బాగైనా చెడినా తిట్టడానికి సొంత మనిషి ఉన్నాడు. భార్య సర్పంచి అయితే భర్త సంతకం పెట్టే ఊళ్లు ఇంకా ఉన్నాయి, కాదనను.

ఇక నా సంగతి. మా మేనల్లుడికి దేవరకొండలో రక్తపరీక్షల ల్యాబ్ ఉంది. కౌంటర్‌లో కూర్చోడానికి ఒక మనిషి కావాలి, పరీక్ష నువ్వే పెట్టు మామా అన్నాడు. టైపింగు, బిల్లు లెక్కలు, టెస్టుల పేర్లు, మొత్తం 50 మార్కులు. ఫస్ట్ వచ్చిన అబ్బాయికి 41. మూడో స్థానంలో ఒక తండా అమ్మాయి, 37. నేను అమ్మాయినే తీసుకోమన్నాను. అక్కడికి వచ్చేవాళ్లలో తండా మనుషులు బాగా ఎక్కువ. షుగర్ పరీక్షకు వచ్చిన ముసలవ్వను "పొద్దున ఏమన్నా తిన్నావా?" అని తెలుగులో అడిగితే తల అడ్డంగా ఊపుతుంది. అదే లంబాడీలో అడిగితే చాయ్, రెండు బిస్కెట్ల సంగతి బయటికొస్తుంది. రిపోర్టు సరిగ్గా రావాలంటే ఆ నాలుగు మార్కుల కంటే ఈ చాయ్ ముచ్చట ముఖ్యం. మొదటి రెండు వారాలు అమ్మాయి బిల్లుల్లో రెండుసార్లు తప్పు చేసింది, మా వాడు నా మీద విసుక్కున్నాడు. తర్వాత సర్దుకుంది.

కానీ ఆ అబ్బాయి వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. "మావోడు ఫస్ట్ వచ్చిండు కదా సార్?" అన్నాడు. లంబాడీ సంగతి చెప్పాను. ఒక నిమిషం ఆగి, "అయితే ముందే కాగితం మీద రాయాలె కదా సార్. రాస్తే మావోడు బస్సు కిరాయి పెట్టుకొని వచ్చేటోడే కాదు" అన్నాడు. ఉద్యోగాల భర్తీలో ఆట మొదలయ్యాక నిబంధన మార్చకూడదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి ఇచ్చిన తీర్పును ఆ వారమే క్లాసులో చెప్పాను నేను.

మా వాడికి ఇప్పుడు ఇంకో మనిషి కావాలి. ఈసారి నోటీసులో 'లంబాడీ మాట్లాడగలిగితే 10 మార్కులు' అని ముందే రాయించాను. ఆ అబ్బాయికీ చెబుదామని ఫోన్ చేస్తే వాళ్ల నాన్నే ఎత్తాడు. "చూస్తం సార్" అని పెట్టేశాడు.