స్టీమ్‌పంక్ టోపీకి ఏది మేలు: అట్టపెట్టెనా, పాత పేపర్లా, పెరుగు బకెట్టా?

మా అన్న కూతురు ఇక్కడే తిరుపతిలో డిగ్రీ చదువుతోంది. కాలేజీ ఫెస్ట్‌లో వేషానికి స్టీమ్‌పంక్ టోపీ కావాలని పోయిన ఏడు నా దగ్గరికి వచ్చింది. ఇద్దరం కూర్చుని ఒకటి కాదు, మూడు చేశాం. మూడింటికీ ఇంట్లో మూలన పడి ఉన్న సామానే వాడాం. ఏది పనికొచ్చింది, ఏది పనికిరాలేదు అన్నది చేత్తో చేసి, తల మీద పెట్టి చూశాకే తెలిసింది.

స్టీమ్‌పంక్ అంటే తెలియని వాళ్ళకి ఒక ముక్క. బొగ్గింజన్ల కాలమే అలా ముందుకు సాగిపోయి ఉంటే లోకం ఎలా ఉండేదన్న ఊహ అది. విక్టోరియా రాణి ఏలిన కాలంలో, అంటే 1837 నుంచి 1901 వరకు, ఇంగ్లండ్ దొరలు పెట్టుకున్న పొడుగాటి నల్ల టోపీ తీసుకుని, దానికి ఇత్తడి పళ్ళచక్రాలు, రాగి గొట్టాలు, మెకానిక్కులు పెట్టుకునేలాంటి గుండ్రటి కళ్ళద్దాలు తగిలిస్తారు. పేరు మాత్రం ఈ మధ్యదే. కె.డబ్ల్యు. జీటర్ అనే అమెరికన్ రచయిత 1987లో ఒక పత్రికకు రాసిన ఉత్తరంలో ఆ మాట వాడాడు. మా నాన్నకి ఇంత చెప్పాల్సిన పని పడలేదు. ఫోన్లో బొమ్మ చూపించగానే, "రేణిగుంట స్టేషన్లో నిలబడిన బొగ్గింజన్ని తల మీద పెట్టుకున్నట్టుందే" అన్నారు.

ముందు అట్టపెట్టె సంగతి. ఆన్‌లైన్ పార్శిళ్ళతో వచ్చే మామూలు పెట్టె చాలు. ఫ్రిజ్ పెట్టె వద్దు, ఆ మందం వంగదు. అట్టను పక్కనుంచి చూస్తే మధ్యలో దున్నిన చాళ్ళలాగా కనిపిస్తాయి కదా, టోపీ గొట్టం చుట్టేటప్పుడు ఆ చాళ్ళు నిలువుగా ఉండాలి. అడ్డంగా ఉంటే అట్ట ఎక్కడ పడితే అక్కడ విరిగి గొట్టం గుండ్రంగా రాదు. చుట్టే ముందు అట్టను చపాతీ కర్ర మీద వేసి మెల్లగా లాగితే మెత్తబడి మాట వింటుంది.

పిల్ల తల చుట్టుకొలత 56 సెంటీమీటర్లు. ఒక సెంటీమీటరు వదులు, అతికించడానికి మూడు కలుపుకుని 60 సెంటీమీటర్ల పొడవు, 16 ఎత్తు కోశాం. కింది అంచు కోసం కాంపాస్‌తో గుండ్రం గీయకండి. మన తల గుండ్రంగా ఉండదు, ముందుకీ వెనక్కీ కాస్త పొడుగు. గొట్టాన్ని తల మీద పెట్టి చూసుకుని, అదే ఆకారంలో అట్ట మీద నిలబెట్టి చుట్టూ గీత గీయండి. ఆ గీతకి బయట ఆరు సెంటీమీటర్లు అంచు. లోపల రెండు సెంటీమీటర్లు వదిలి మిగతాది కోసేసి, ఆ రెండు సెంటీమీటర్లకూ గాట్లు పెట్టి పైకి మడిస్తే గొట్టం లోపల అతుక్కుంటాయి. అంచు ఒక్క అట్టతో వేస్తే సాయంత్రానికి వాలిపోతుంది. రెండు అట్టలు, ఒకదాని చాళ్ళు నిలువు, రెండోదానివి అడ్డం పెట్టి అతికించాం. అది ఈ రోజుకీ నిటారుగానే ఉంది.

అట్ట మీద నేరుగా రంగు వేస్తే చాళ్ళు బయటికి కనిపించి పార్శిల్ పెట్టెలాగే ఉంటుంది. అందుకని మా ఆయన పాత నల్ల ప్యాంటు బట్ట ఫెవికాల్‌తో అతికించాం. లోపల తల తగిలే చోట పాత నూలు చీర ముక్క మడిచి పట్టీ కట్టాం, చెమట పీల్చడానికి. మొత్తం 160 గ్రాములు తూగింది.

తూకం గురించి ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, గంగమ్మ జాతరలో సప్పరాలు మోసేవాళ్ళను చూస్తూ పెరిగినదాన్ని. గోపురమంత ఆకారం తల మీద ఉన్నా లోపల వెదురు బద్దలే, పైన కాగితమే. ఎండలో, జనంలో అంత దూరం మోయాలంటే తేలిగ్గా ఉంటేనే కుదురుతుంది. తలకెక్కే వస్తువుకు అందం కన్నా ముందు చూడాల్సింది ఇదేనని నా నమ్మకం.

రెండోది పాత పేపర్ల పొరలు. చెప్పాలంటే చేతికి అన్నిటికన్నా హాయిగా అనిపించిన పని ఇదే. పెళ్ళి పెరుగు తెచ్చిన ఐదు కిలోల బకెట్‌ని బోర్లించి, పైన పాలిథిన్ కవర్ చుట్టి, దాన్నే అచ్చుగా వాడాం. బకెట్ అడుగు సన్నంగా, మూతి వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఆరాక పైకి లాగితే ఇట్టే ఊడి వస్తుంది. పేపరును కత్తెరతో కోయకుండా చేత్తో మూడు సెంటీమీటర్ల పట్టీలుగా చింపాలి. చింపిన అంచు పీచులా ఉండి కింది పొరలో కలిసిపోతుంది, కోసిన అంచు గీతలా తేలి కనిపిస్తుంది. ఒక పొర తెలుగు పేపరు, తర్వాతి పొర ఇంగ్లిష్ పేపరు వేసుకుంటూ పోతే ఎక్కడ ఖాళీ వదిలామో కంటికి తెలిసిపోతుంది. ఎనిమిది పొరలు వేశాం, రోజుకి రెండు మించకుండా.

జిగురుకి ముందు మైదా ఉడికించాం. వాల్‌పోస్టర్ల మైదాలో పురుగు పట్టకుండా మైలతుత్తం కలుపుతారని ఎవరో చెప్పారు. అది విషం. పిల్లల తల మీద పెట్టే వస్తువులో దాని జోలికి పోవద్దు. ఉత్త మైదాతో మాకు జరిగింది ఇది: నవంబరులో మొదలుపెట్టాం. మనకి పెద్ద వానలు పడేదే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వారం రోజులు మేడ మీద ఎండ మొహమే కనిపించలేదు. ఐదో రోజు టోపీ లోపల బూడిద రంగు బూజు, ముక్కు దగ్గర పెట్టుకోలేని వాసన. అది పారేసి, ఎండాకాలంలో మళ్ళీ చేశాం. ఈసారి ఫెవికాల్‌లో అంతే నీళ్ళు కలిపి వాడాం. ఏ పొరకాపొర పూటలో ఆరిపోయింది.

ఆరాక నల్ల రంగు వేసి, పొడి బ్రష్‌తో బంగారు రంగు అలా అలా రుద్దితే, పోత పోసిన లోహంలా వచ్చింది. తట్టి చూస్తే తప్ప పేపరని ఎవరూ అనుకోరు. అట్టటోపీకి ఆ గంభీరం రాదు, నిజం ఒప్పుకోవాలి. కానీ తూకం 320 గ్రాములు. అలంకారం పెట్టకముందు సంగతి ఇది. పిల్ల అరగంట పెట్టుకుని తిరిగి, "శానా బరువుగా ఉంది అత్తా, మెడ లాగేస్తా ఉంది" అని తీసి బల్ల మీద పెట్టేసింది.

మూడోది, ఆ పెరుగు బకెట్‌నే టోపీగా మార్చడం. అచ్చుగా మేలు చేసిన వస్తువు కదా, పనికొస్తుందనుకున్నాం. రాలేదు. బకెట్ అడుగున త్రికోణంలో 5 అంకె ఉంటే అది పాలీప్రొపిలీన్. దానికి రంగూ పట్టదు, ఫెవికాలూ పట్టదు. గరుకు కాగితం రుద్ది వేసినా రెండో రోజుకి గోటితో గీకితే పొలుసులా లేచింది. పైగా గాలి ఆడదు. మన మే నెలలో దాన్ని నెత్తిన పెట్టుకోవడం అంటే తలకి మూతపెట్టి ఉడికించినట్టే.

ఇక అలంకారం. ఇక్కడ అట్టకి ఇంకో మేలు కలిసొచ్చింది. దబ్బనంతో ఎక్కడ కావాలంటే అక్కడ పొడవచ్చు, సన్నటి తీగ దూర్చి సామాను కట్టేయవచ్చు. గ్లూ గన్ జిగురుతో అతికించినవి ఎండలో నిలిపిన కారులో పెడితే మెత్తబడి జారతాయి, తీగతో కట్టినవి కదలవు. బాగా ఆరిన పేపరు టోపీకి మాత్రం కన్నం పెట్టాలంటే డ్రిల్లు కావాలి.

మేము వాడినవి చెబుతాను. పాడైన మోటారులోంచి తీసిన రాగి తీగ, పాత ప్రెషర్ కుక్కర్ వెయిట్. ఆవిరి మీద నడిచే వస్తువు ఇంట్లో అదొక్కటే, ఈ టోపీకి అంతకన్నా తగిన నగ ఏముంటుంది? అయితే అది బరువు. పక్కన కడితే టోపీ ఒరుగుతుంది, ముందు మధ్యలో, అంచుకి దగ్గరగా కట్టండి. కళ్ళద్దాలకి సెల్లోటేప్ అయిపోయాక మిగిలే అట్ట చుట్టలు రెండు, వాటికి అద్దాలుగా బీరువాలో దాచిన పాత ఎక్స్‌రే ఫిల్ములోంచి కోసిన రెండు బిళ్ళలు, పట్టీకి తెగిన తోలు బెల్టు.

పళ్ళచక్రాలకి నాకు బాగా నచ్చిన ఉపాయం ఒకటుంది. అట్ట ముక్కని కాస్త తడిపి పైకాగితం ఒలిచేస్తే లోపలి చాళ్ళు బయటపడతాయి. దాన్ని వేలెడు వెడల్పు పట్టీగా కోసి సీసా మూత చుట్టూ అంటిస్తే చుట్టూ పళ్ళు వచ్చేస్తాయి. నల్ల రంగు వేసి, పళ్ళ కొనలకే బంగారు రంగు తగిలించాలి. వాచీ రిపేరు కొట్టులో అడిగితే పాత గోడగడియారాల చక్రాలు కూడా ఇస్తారు గానీ, ఇప్పటివాటిలో ఎక్కువగా తెల్ల ప్లాస్టిక్కే, వాటికీ రంగు వేయాల్సిందే. తుప్పు కావాలంటే వడకట్టాక మిగిలిన కాఫీ పిప్పి ఎండబెట్టి, ఫెవికాల్, ముదురు గోధుమ రంగుతో కలిపి గొట్టాల మొదట్లో అద్దండి. చేత్తో ముట్టుకున్నా తుప్పులాగే గరగరలాడుతుంది.

మరి ఏది మేలు? పెట్టుకుని తిరగడానికైతే నేను అట్టకే ఓటు వేస్తాను. బొమ్మలా బల్ల మీద ఉంచడానికైతే పేపరు పొరలు. బకెట్ అచ్చుకి మాత్రమే. లోహపు మెరుపూ కావాలి, తేలిగ్గానూ ఉండాలి అంటే బట్ట మానేసి, అట్టటోపీ మీద రెండే రెండు పొరలు పేపరు వేసి రంగు వేయండి. మేము చివరికి ఫెస్ట్‌కి అలాంటిదే చేసి పంపాం. అలంకారం అంతా కలిపి 290 గ్రాములు, పొద్దున పెట్టుకున్న పిల్ల భోజనానికి తప్ప తీయలేదట. చిన్న పిల్లలకైతే ఎత్తు 12 సెంటీమీటర్లు దాటనివ్వకండి, కుక్కర్ వెయిట్ వద్దు.

ఆ పేపరు టోపీ ఇప్పుడు హాల్లో టీవీ పక్కన ఉంది. మొన్న మా నాన్న తన పాత కీ గడియారం తెచ్చి, కీ తిప్పి, దాని అంచుకి వేలాడదీశారు. రోజూ పొద్దున కాఫీ తాగాక వచ్చి మళ్ళీ కీ ఇస్తున్నారు.