ఊక బూడిద, హెల్మెట్ అద్దం: నాలుగేళ్ళ అనుభవం

నా హెల్మెట్‌కు ఇప్పుడున్నది నాలుగో అద్దం. మొదటిది 5 నెలలు వచ్చింది. రెండోది ఏడాది దాటింది. మూడోది నెలన్నరకే పాడైంది. నాలుగోది మాత్రం 26 నెలలుగా నాతోనే తిరుగుతోంది, రాత్రి ప్రయాణాల్లోనూ దాని మీద నాకు ఫిర్యాదు లేదు. మధ్యలో వచ్చిన ఆ మూడోది నకిలీ, దాన్ని పక్కన పెడితే అద్దం రకం మారలేదు, కంపెనీ మారలేదు. మారింది నేను తుడిచే తీరు.

మాది మండపేట. రావులపాలెం అరటి మార్కెట్‌లో ఒక కొట్టులో లెక్కలు రాస్తాను. ఆలమూరు మీదుగా జొన్నాడ వచ్చి, గౌతమి వంతెన ఎక్కి రావులపాలెంలో దిగుతాను. రానూపోనూ 40 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఈ కాస్త దారికే అద్దానికి నాలుగైదు రకాల మురికి పడుతుంది. ఊళ్ళో రైస్ మిల్లుల బూడిద. సార్వా, దాళ్వా కోతలప్పుడు యంత్రాలు లేపే నూగు. గోదావరి దగ్గరికి వచ్చేసరికి ర్యాంపుల నుంచి వచ్చే లారీలు రాల్చే ఇసుక. సాయంత్రం తిరుగు దారిలో చేల మధ్య పురుగులు. అక్టోబరు, నవంబరుల్లో పచ్చదీపపు పురుగులు బండి లైటుకు ఎదురొచ్చి, ఇంటికి చేరేసరికి అద్దం నిండా చుక్కల ముగ్గు వేసి పెడతాయి.

హెల్మెట్ 2021 చివర్లో కొన్నాను. ఐఎస్ఐ గుర్తు లేనివి అమ్మకూడదనే నిబంధన ఆ ఏడాది జూన్ 1 నుంచే అమల్లోకి వచ్చింది కాబట్టి గుర్తు చూసే తీసుకున్నాను. అద్దాన్ని ఎలా చూసుకోవాలో మాత్రం కొట్టువాడు చెప్పలేదు, నేనూ అడగలేదు. రోజూ పొద్దున్నే బండి తుడిచే గుడ్డతోనే అద్దాన్ని కూడా నాలుగు రుద్దులు రుద్ది బయలుదేరేవాడిని. మరీ మసకగా ఉంటే నోటితో ఊది, చొక్కా అంచుతో మెరుగు పెట్టేవాడిని. పగలు చూస్తే తళతళలాడేది. అయిదో నెలలో ఒక రాత్రి వంతెన మీద ఎదురుగా లారీ వస్తే, దాని దీపం ఒక్కటి కాస్తా వెలుగు తోకలతో అద్దమంతా పరుచుకుంది. ముందున్న సైకిలు కనబడలేదు. చివరి క్షణంలో తప్పించాను. ఇంటికి వచ్చి ట్యూబులైటు కింద పట్టి చూస్తే గుండ్రంగా, సన్నగా, జుట్టు పోగుల్లాంటి గీతలు వందల కొద్దీ ఉన్నాయి. నా చెయ్యి ఎటు తిరిగిందో అటే అవీ తిరిగాయి.

అసలు సంగతి విప్పి చెప్పింది మా అమ్మ. కొత్త అద్దం తెచ్చిన రోజే దాని మీద పడిన బూడిదను పొడిగుడ్డతో తుడవబోతుంటే చూసి, "ఒరే, ఊక బూడిదతో మేము ఇత్తడి బిందెలు తోమేవాళ్ళం. దాన్ని అద్దానికి పెట్టి రుద్దుతావేమిటి?" అంది.

అంతే. ఊక బూడిదలో నూటికి 80 పాళ్ళకు పైగా సిలికానే. ఇసుకలో ఉండేదీ అదే. బాయిలర్లలో ఊక కాల్చి ఉప్పుడు బియ్యం తయారుచేసే ఊళ్ళో ఆ బూడిద గాలిలో తేలుతూనే ఉంటుంది. బిందెలకు మెరుగు పెట్టే పొడిని నేను రోజూ పొద్దున్నే అద్దానికి పట్టించి రుద్దుతున్నానన్నమాట. పైగా ఇది పేరుకే అద్దం, నిజానికి పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. దెబ్బ తగిలితే పగిలి గుచ్చుకోదు, అందుకే వాడతారు. గీతలకు మాత్రం గాజుకున్న ఓర్పు దీనికి లేదు. పైన గట్టి పూత ఒకటి ఉంటుంది కానీ అది చాలా పలచన. అద్దం అని పిలుస్తున్నాం కాబట్టి గాజుకు చేసే సేవలన్నీ దీనికీ చేస్తాం. న్యూస్‌పేపరుతో తుడవడం, కిటికీలకు కొట్టే అమోనియా ద్రావణం కొట్టడం, లాంతరు చిమ్నీకి పట్టించినట్టు విభూతి పట్టించడం. చివరిది మా పక్కింటి పెద్దాయన సలహా. వినలేదు.

అప్పటి నుంచి నేను పట్టుకున్న సూత్రం ఒక్కటే: మురికిని నీళ్ళు తీయాలి, గుడ్డ తీయకూడదు.

రాత్రి ఇంటికి రాగానే అద్దం ఊడదీస్తాను. నా హెల్మెట్‌కు పక్కనున్న మీట నొక్కితే వచ్చేస్తుంది. మొదట కుళాయి కింద, రుద్దకుండా, పై నుంచి కిందికి నీళ్ళు పారనిస్తాను. బూడిద, ఇసుక చాలావరకు అక్కడే పోతాయి. పురుగులు మాత్రం పోవు. వాటి మీద మెత్తటి గుడ్డ తడిపి కప్పి పది నిమిషాలు వదిలేస్తాను. ఆ పది నిమిషాలే ఈ పనిలో కీలకం. భోజనం చేసి వచ్చేసరికి పురుగులు నాని, నీళ్ళు పోయగానే జారిపోతాయి. ఓపిక లేక గోటితో గీకిన రోజులున్నాయి, దాని ఫలితం రెండో అద్దం మీద రెండు మూడు చోట్ల కనిపించేది. తెల్లవారేదాకా ఆగితే పురుగు ఎండి బంకలా పట్టుకుంటుంది, అప్పుడు పది నిమిషాలు అరగంటవుతుంది.

తర్వాత చెంబు గోరువెచ్చని నీళ్ళలో పసిపిల్లల షాంపూ ఒక్క చుక్క. గుడ్డ వద్దు, వేళ్ళతోనే. వేలి కొసకు ఒక్క రేణువు తగిలినా తెలుస్తుంది, గుడ్డకు తెలియదు. మళ్ళీ నీళ్ళు పోసి, మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది తడి తీయాలి. తుడవడం కాదు, అద్దడం. ఈ గుడ్డలు రెండు కొన్నాను, నాలుగేళ్ళలో నేను పెట్టిన ఖర్చుల్లో ఇదే సార్థకం. వాటిని విడిగా ఉతికి, మూత పడే కవరులో దాస్తాను. బండి సీటు మీద ఒకసారి ఆరేశాక అది మైక్రోఫైబర్ కాదు, గరుకు కాగితమే. పాత నూలు పంచె ముక్క కూడా మంచిదే, కానీ గంజి పెట్టింది కాకూడదు. మా ఇంట్లో అన్నిటికీ గంజి పెడతారు, అందుకే ఆ దారి మానుకున్నాను.

నీళ్ళ గురించి ఒక మాట. మా బోరు నీళ్ళు ఆరితే తెల్లటి మచ్చలు మిగులుతాయి, అందుకే చివరి చెంబు మాత్రం తాగే నీళ్ళ క్యాను నుంచి పోస్తాను. కాలువ నీళ్ళు అసలే వద్దు. జూలైలో ఎర్రనీరు వచ్చినప్పుడు కాలువలో ముంచి కడగడమంటే ఒండ్రుతో తోమడమే.

రెండో అద్దం ఈ పద్ధతిలోనే బాగా నడుస్తుండగా, బండి సర్వీసుకు ఇచ్చిన చోట కుర్రవాడు మంచికే అనుకుని పెట్రోలు గుడ్డతో తుడిచి పెట్టాడు. గొలుసు నూనె మరక పోయింది. వారం తిరిగేసరికి అంచుల దగ్గర సాలెగూడు లాంటి నెర్రెలు బయటపడ్డాయి. పెట్రోలు, థిన్నరు, గోళ్ళ రంగు తీసే ద్రావణం ఏదీ పాలీకార్బొనేట్‌కు పడదు. అతణ్ణి ఏమీ అనలేకపోయాను. ఇప్పుడు సర్వీసుకు ఇస్తే హెల్మెట్ నాతోనే ఉంటుంది.

మూడోది నకిలీ. కంపెనీది 350 రూపాయలైతే ఇది 150 అన్నారు, ఆశపడ్డాను. మెత్తటి గుడ్డకు కూడా గీతలు పడింది. ఎలాగూ పోయేదే కదా అని మార్కెట్‌లో మిత్రుడు చెప్పిన టూత్‌పేస్టు వైద్యం దాని మీద చేసి చూశాను. గీతలు నిజంగానే కనబడకుండా పోయాయి, ఎందుకంటే చుట్టూ ఉన్న భాగమంతా వాటిలాగే మసకబారింది. టూత్‌పేస్టులో కూడా తోమే పొడే ఉంటుంది మరి. గీతలు పడిన అద్దాన్ని బాగుచేసే మందు నాకైతే దొరకలేదు.

హెల్మెట్ అద్దాల కోసమే అమ్మే స్ప్రే ఒక సీసా కొన్నాను. చెడ్డది కాదు, నూగు పట్టినప్పుడు దారిలో ఆగి తడపడానికి పనికొస్తుంది. కానీ ఇంట్లో షాంపూ చుక్క చేసే పనికి మించి అది చేసిందేమీ లేదు, సీసా అయిపోయాక మళ్ళీ కొనలేదు. ఇప్పుడు ఆ ఖాళీ సీసాలోనే మంచినీళ్ళు పోసి బండి డబ్బాలో పెట్టుకుంటున్నాను. వానలో అద్దం మీద చేతి తొడుగుతో తుడవను. తల కాస్త పక్కకు తిప్పితే చినుకులు గాలికే జారిపోతాయి. డిసెంబరు పొద్దుల్లో వంతెన మీద లోపలి వైపు పట్టే ఆవిరికి మాత్రం పూర్తి మందు లేదు. షాంపూ నీళ్ళ పలచని పొర ఒకటి రెండు రోజులు ఆపుతుంది, తర్వాత అద్దం ఒక వేలెడు తెరిచి చలి భరించడమే. లోపలి వైపు ఆవిరి పట్టని పూత ఉన్న అద్దాలైతే అది బయటి పూతకన్నా సుకుమారం, దానికి తడిగుడ్డ అద్దడం తప్ప మరేమీ చేయకూడదు.

ఇదంతా రోజుకు పావుగంట పని, అందులో పది నిమిషాలు నా భోజనమే. ఇప్పుడున్న అద్దం మీద ఎడమ పక్క ఒకే ఒక్క గీత ఉంది. అది బూడిదదీ కాదు, ఇసుకదీ కాదు. చెల్లెలి ఇంటికి వెళ్ళి, హెల్మెట్‌ను సిమెంటు అరుగు మీద బోర్లా పెట్టింది నేనే.