స్పౌస్ గ్రీన్‌కార్డ్ ఫైల్ చేయిస్తున్నారా? రసీదు మీద తేదీ చూసేదాకా ఏ కన్సల్టెన్సీనీ నమ్మకండి

ఇప్పుడే అమీర్‌పేట నుంచి ఇంటికొచ్చాను. చేతులింకా వణుకుతున్నాయి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా ఆయన డల్లాస్‌లో గ్రీన్‌కార్డ్ మీద ఉన్నారు. పెళ్లై పద్నాలుగు నెలలైంది, నేను కూకట్‌పల్లిలో అత్తయ్య దగ్గర ఉంటున్నా. బాబాయికి తెలిసినవాళ్లు చెప్పారని ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. "ప్రీమియంలో వేస్తే ఆర్నెల్లలో అమ్మాయి ఫ్లైట్ ఎక్కుతుంది" అన్నాడు అక్కడి కన్సల్టెంట్. లక్షా నలభై వేలు కట్టాం. అందులో సగం అమ్మ చిట్టీ పాడి తెచ్చింది.

ఐ-130కి, అంటే అమెరికాలో ఉన్నవాళ్లు భార్య లేదా భర్త కోసం వేసే అర్జీకి, ఎక్కువ ఫీజు కట్టి త్వరగా చేయించుకునే ప్రీమియం ప్రాసెసింగే లేదండీ. 2024 ఏప్రిల్‌లో పెంచాక కూడా ప్రభుత్వ ఫీజు ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితాల మీద వేస్తే 675. ఈ సంగతి నాకు నిన్న రాత్రి తెలిసింది.

ఫిబ్రవరిలోనే వేసేశానన్నాడు. ఆన్‌లైన్ అకౌంట్ తన మెయిల్‌తోనే తెరిచాడు, పాస్‌వర్డ్ మాకివ్వలేదు. ఎప్పుడడిగినా "ప్రాసెస్‌లో ఉందమ్మా" అనేవాడు. ఈరోజు అమ్మను తీసుకుని వెళ్లి, రసీదు చూపించేదాకా కదలనని కూర్చున్నా. రెండు గంటల తర్వాత కాగితం తెచ్చి బల్ల మీద పడేశాడు. ప్రయారిటీ డేట్, అంటే అర్జీ అందిన తేదీ, ఆగస్టు 27.

గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ల భార్యాభర్తలు, పిల్లల కోటాని ఎఫ్2ఏ అంటారు, అందులో ఆ తేదీయే క్యూలో మన చోటు. ఆరు నెలల చోటు పోయింది, అది ఇక తిరిగి రాదు.

"ఫిబ్రవరి అన్నారు కదా సార్" అన్నాను. అప్పటిదాకా మీరు మీరు అన్నవాడు నువ్వులోకి దిగాడు. "ఏంటి, మొగుడు లేకుండా ఆర్నెల్లు ఉండలేవా?" అన్నాడు. గదిలో ఇంకో ఆరుగురున్నారు. ఇద్దరు నవ్వారు. అమ్మ తల దించుకుంది. నా నోట ఒక్క మాట రాలేదు. డబ్బు పోయిందన్న బాధకంటే, అమ్మ అలా తల దించుకోవడమే కళ్ల ముందు నుంచి పోవట్లేదు.

బీటెక్ చదివాను. రసీదు నంబరు ఏదని మొదటి నెలలోనే అడగాల్సింది, అడగలేదు. తప్పు నాది కూడా. ఏప్రిల్‌లో చిలుకూరు వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేసి వీసా రావాలని మొక్కుకున్నా. అప్పటికి మా కాగితాలు వాడి అరలోనే ఉన్నాయి.

మీరైనా జాగ్రత్తపడండి. అకౌంట్ అమెరికాలో ఉన్న భర్త లేదా భార్య సొంత మెయిల్‌తోనే తెరవండి. రసీదు నంబరులో మూడు అక్షరాలు, పది అంకెలు ఉంటాయి. అది చేతికి రాగానే యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) సైట్‌లో మీరే కొట్టి చూడండి. క్యూ ఎవరి తేదీ దాకా వచ్చిందో అమెరికా ప్రభుత్వం ప్రతి నెలా ఇచ్చే వీసా బులెటిన్‌లో తెలుస్తుంది. నానక్‌రామ్‌గూడ అమెరికన్ కాన్సులేట్‌లో తెలిసినవాళ్లున్నారని ఎవరైనా అంటే వెంటనే లేచి వచ్చేయండి, మన ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూలు జరిగేది ముంబైలో. అమెరికాలో ఉన్న భర్త లేదా భార్యకి సిటిజన్‌షిప్ వస్తే ఈ క్యూ ఉండదు, ఆ సంగతి వెంటనే తెలియజేయాలి. మా ఆయనకి దానికింకా రెండేళ్లుంది.

రేపు పొద్దున్నే పోలీస్ స్టేషన్‌కి వెళ్తున్నాం, అమ్మ కూడా వస్తానంది. ఫిబ్రవరిలో ఆ ఆఫీసులో మాతోపాటు కూర్చున్న వరంగల్ అక్కా, ఇది చదివితే మీ రసీదు మీద తేదీ ఈ రాత్రికే చూసుకోండి.