సరిహద్దు జిల్లాల్లో వాన లెక్కకు ‘మౌసమ్’ ఎంతవరకు ఆధారం?

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగువారికి వానాకాలంలో పొద్దున లేవగానే తేల్చుకోవలసిన విషయాలు కొన్ని ఉంటాయి. నారు తీయవచ్చా, యూరియా చల్లవచ్చా, పడవ దించవచ్చా అన్నవి అందులో ముఖ్యమైనవి. అదను, పదను చూసి సేద్యం చేయాలని పెద్దలు చెప్పినదానికి కార్తెల లెక్క ఇప్పటికీ పునాదిగానే ఉంది. అయితే ఫలానా రోజున ఫలానా మధ్యాహ్నం ఏమవుతుందో కార్తె చెప్పదు కనుక అందరమూ ఫోను చూస్తున్నాము. ఫోనులో కనిపించే వాతావరణ యాప్‌లలో భారత వాతావరణ శాఖ వారి ‘మౌసమ్’ను కాశీనగర్, పర్లాకిమిడి ప్రాంతపు వరి రైతు అవసరాల దృష్ట్యా పరిశీలించి ఈ సమీక్ష రాస్తున్నాను. నా తీర్పు ముందే చెబుతాను. రాబోయే మూడు గంటల వానకూ, రాబోయే ఒకటి రెండు రోజుల హెచ్చరికకూ దీనిని నమ్మి పని చేసుకోవచ్చు. మన పొలంలో ఎన్ని మిల్లీమీటర్లు పడుతుందో చెప్పమని మాత్రం దీనిని అడగకూడదు. ఆ లెక్క కావాలంటే పెరట్లో ఒక వర్షమాపకం ఉండవలసిందే.

ఈ యాప్‌ను 2020 జూలైలో విడుదల చేశారు. వాతావరణ శాఖ, పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ, మన పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కలిసి దీనిని రూపొందించాయి. ఎంచుకున్న ఊరి ప్రస్తుత వాతావరణం, ఏడు రోజుల అంచనా, జిల్లాల వారీగా ఐదు రోజుల హెచ్చరికలు, మూడు గంటల తక్షణ హెచ్చరికలు, రాడార్ చిత్రాలు ఇందులో ఉంటాయి. ఏడు రోజుల అంచనాను నేను పెద్దగా పట్టించుకోను. జూలై, ఆగస్టు నెలల్లో ఏ రోజు చూసినా మబ్బు, వాన బొమ్మలే ఉంటాయి కనుక వాటిని బట్టి పని విషయంలో ఏ నిర్ణయమూ తేలదు. చూడవలసినవి హెచ్చరిక పటం, రాడార్ చిత్రం.

హెచ్చరిక పటంలో ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులు ఉంటాయి. ఆకుపచ్చ ఉంటే హెచ్చరిక లేదని, పసుపు ఉంటే గమనిస్తూ ఉండాలని, నారింజ ఉంటే సిద్ధంగా ఉండాలని, ఎరుపు ఉంటే వెంటనే చర్య తీసుకోవాలని అర్థం. రంగుతో పాటు వచ్చే భారీ, అతి భారీ, అత్యంత భారీ అనే విభజనకు కచ్చితమైన కొలతలున్నాయి. ఇరవై నాలుగు గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల వరకు కురిస్తే భారీ వర్షం, 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ, 204.5 నుంచి ఆ పైన ఎంతైనా అత్యంత భారీ వర్షం. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు. ఆ లెక్కన భారీ వర్షం కనీస స్థాయిలో పడినా ఎకరా పొలం మీద దాదాపు రెండు లక్షల అరవై వేల లీటర్ల నీరు పడినట్లే. ఈ సంఖ్య మనసులో ఉన్న రైతు పసుపు రంగు కనబడగానే ఎరువు బస్తా విప్పడు, నారింజ రంగు కనబడితే గట్లకు గండ్లు పెట్టి నీరు పోయే దారి చూసుకుంటాడు. ఈ పటం నాకు ఎంతో విలువైనదిగా కనిపించడానికి ఇదే కారణం.

లోపం మరొకచోట ఉంది. హెచ్చరిక జిల్లా మొత్తానికి ఒకే రంగులో వస్తుంది, మన జిల్లాలు మాత్రం ఒకే తీరున ఉండవు. గజపతి జిల్లాలోనే వంశధార ఒడ్డున ఉన్న కాశీనగర్ బ్లాకు (మండలం వంటి విభాగం) పల్లపు మాగాణి, మొహనా, ఆర్. ఉదయగిరి బ్లాకులు తూర్పు కనుమల ఎత్తు మీదివి. సముద్రం మీదుగా వచ్చే తేమగాలి కొండ ఎక్కే వైపు ఎక్కువగా కురిసి, దిగే వైపు తగ్గుతుంది. అందువల్ల పటం మీద జిల్లా అంతా నారింజ రంగులో ఉన్న రోజున కొండల్లో వాగులు పొంగుతూ ఉండగా కాశీనగర్‌లో తుంపర మాత్రమే పడవచ్చు. ఆ రోజు హెచ్చరిక తప్పిందని అనుకోవడం అన్యాయం. ‘ఒకటి రెండు చోట్ల భారీ వర్షం’ అని రాస్తే, జిల్లాలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించని చోట్ల అంత వాన పడవచ్చని మాత్రమే దాని లెక్క.

ఇక రాడార్. మన ప్రాంతం వారు ఈ యాప్‌ను దించుకోవడానికి ఇదొక్కటే చాలునని నా అభిప్రాయం. గోపాల్‌పూర్‌లో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఉంది. రాడార్ చిత్రం దాదాపు పది నిమిషాలకొకసారి మారుతుంది. నీలం నుంచి పసుపు, ఎరుపు వైపు రంగు మారే కొద్దీ వానచినుకుల నుంచి తిరిగివచ్చే ప్రతిధ్వని బలపడుతున్నదని, అంటే వాన జోరుగా ఉన్నదని గ్రహించాలి. ఒక చిత్రం చూసి ఊరుకోకుండా వరుసగా మూడు నాలుగు చిత్రాలు చూస్తే మబ్బుల బారు ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు, ఎంత వేగంతో కదులుతున్నదో కంటికే తెలుస్తుంది. అరగంటలో ఇరవై కిలోమీటర్లు జరిగిన బారు, ముందున్న నలభై కిలోమీటర్లను దాటడానికి సుమారు గంట తీసుకుంటుంది. బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ వారికి రాడార్ పక్కనే ఉన్నందున ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. కళ్లం మీద ధాన్యం ఎత్తాలా, టార్పాలిన్ కప్పితే చాలునా అన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి సమాధానం ఇచ్చే సాధనం మరొకటి నాకు కనబడలేదు.

పర్లాకిమిడి వైపు వారు మాత్రం ఒక విషయం తప్పక తెలుసుకోవాలి. గోపాల్‌పూర్ నుంచి పర్లాకిమిడికి పటం మీద గీత గీస్తే మహేంద్రగిరి దాదాపు ఆ గీత మీదనే పడుతుంది. రాడార్ కిరణం నేలకు అర డిగ్రీ కోణంలో బయలుదేరితే మహేంద్రగిరి దగ్గరకు వచ్చేసరికి సుమారు ఎనిమిది వందల మీటర్ల ఎత్తులో ఉంటుంది. కొండ ఎత్తు 1,501 మీటర్లు. అంటే కింది కిరణం కొండను తాకి ఆగిపోతుంది, పై కోణాల్లోని కిరణాలు మాత్రమే కొండ దాటి మన వైపు వస్తాయి. రుతుపవనాల కాలంలో మన వాన చాలావరకు కింది మబ్బుల నుంచే కురుస్తుంది కనుక గోపాల్‌పూర్ చిత్రంలో పర్లాకిమిడి ఖాళీగా కనబడినంత మాత్రాన ఇక్కడ వాన లేదని నిర్ధారించకూడదు. ఇటువైపు వారు విశాఖపట్నం రాడార్ చిత్రాన్ని కూడా తెరవాలి. విశాఖ నుంచి దూరం ఎక్కువ కావడం వల్ల ఇక్కడికి వచ్చేసరికి ఆ కిరణం రెండున్నర కిలోమీటర్ల ఎత్తుకు చేరుతుంది, అయినా మధ్యలో మహేంద్రగిరి అడ్డులేదు. రెండు చిత్రాలనూ కలిపి చదివితేనే గజపతి జిల్లా ఆకాశం పూర్తిగా అర్థమవుతుంది. యాప్‌లో ఈ రెండింటినీ పక్కపక్కన చూపే ఏర్పాటు ఉంటే సరిహద్దు వారికి ఎంతో మేలు జరిగేది.

వాన లెక్కను హెచ్చరికతో సరిపోల్చేవారు రోజు ఎక్కడ మొదలవుతుందో గుర్తుంచుకోవాలి. దేశమంతటా వానను ఉదయం 8.30 గంటలకు కొలిచి, అంతకు ముందరి ఇరవై నాలుగు గంటల మొత్తాన్ని కొలిచిన తేదీ కిందనే రాస్తారు. పదో తేదీ మధ్యాహ్నం పడిన కుండపోత పదకొండో తేదీ లెక్కలో కనిపిస్తుంది. ఇది తెలియక ‘నిన్న అంత వాన పడితే లెక్కలో సున్నా చూపించారు’ అని మా వైపు చాలామంది వాదిస్తూ ఉంటారు. జిల్లా సగటుతోనూ జాగ్రత్త అవసరం. సాధారణం కంటే 19 శాతం తక్కువ వరకు కురిసినా దానిని ‘సాధారణం’గానే పరిగణిస్తారు. ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో నారుమడి ఎండిపోయి, ఆశ్లేషలో ఒక్కసారిగా వాన దిగితే జిల్లా లెక్క సాధారణంగానే తేలుతుంది, పోయిన నారు మాత్రం తిరిగి రాదు.

అందుకే సొంత వర్షమాపకం. వాతావరణ శాఖ వాడే తరహాలో 200 చదరపు సెంటీమీటర్ల నోరు గల ఫైబర్ వర్షమాపకాలు బరంపురం వంటి పట్టణాల్లో ప్రయోగశాల సామగ్రి అమ్మే దుకాణాల ద్వారా దొరుకుతాయి. దానిని నోరు నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తున ఉండేలా సమతలంగా నిలపాలి. దగ్గరలో చెట్టో గోడో ఉంటే దాని ఎత్తుకు కనీసం రెట్టింపు దూరంలో ఉంచాలి. కొబ్బరిచెట్ల మధ్య పెట్టిన మాపకం చెప్పే లెక్కకు విలువ లేదు. కొనేటప్పుడు చేయవలసిన పరీక్ష ఒకటుంది. 200 చదరపు సెంటీమీటర్ల నోటిలో ఒక మిల్లీమీటరు వాన పడితే 20 మిల్లీలీటర్ల నీరు చేరుతుంది. కాబట్టి మందుల దుకాణంలో దొరికే సిరంజితో కొలిచి 20 మిల్లీలీటర్ల నీరు పోస్తే, దానితో ఇచ్చిన కొలజాడీలో మట్టం సరిగ్గా ఒక మిల్లీమీటరు గీత మీద నిలవాలి. నాకు ఒక దుకాణదారు ఇచ్చిన జాడీ 100 చదరపు సెంటీమీటర్ల మాపకానికి చెందినది. అది ప్రతి వాననూ రెట్టింపు చేసి చూపేది. ఈ పరీక్షతోనే ఆ తేడా బయటపడింది, జాడీని మార్పించుకున్నాను. ఉదయం 8.30కే కొలిచి పుస్తకంలో రాస్తే మన లెక్క ప్రభుత్వ లెక్కతో నేరుగా సరిపోల్చడానికి వీలవుతుంది. ఒడిశా ప్రత్యేక సహాయ కమిషనర్ కార్యాలయం వెలువరించే బ్లాకుల వారీ వర్షపాతంతో పోల్చి చూస్తే, బ్లాకు సంఖ్యకూ మన పొలానికీ ఏయే రోజుల్లో ఎంత తేడా ఉన్నదో స్పష్టంగా తెలుస్తుంది.

మన నదుల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే రాష్ట్రాల సరిహద్దు ఇబ్బంది పెట్టేది ఇక్కడే. వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లో పుట్టి శ్రీకాకుళం జిల్లాలో సముద్రంలో కలుస్తాయి. పైన పడే వానకు హెచ్చరిక భువనేశ్వర్ వాతావరణ కేంద్రం నుంచి, కింద వరద వచ్చే ఊళ్లకు హెచ్చరిక అమరావతి కేంద్రం నుంచి వస్తాయి. 2017 జూలైలో రాయగడ జిల్లాలో కురిసిన కుండపోతకు తెరువలి దగ్గర రైలు వంతెన కొట్టుకుపోయింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, నేల మీదనే ఈశాన్యానికి మలుపు తిరిగి గజపతి జిల్లాను ముంచెత్తింది. తుఫాను దారి చూపే గీతనూ, వాన పడే చోటునూ ఒకటిగా భావించకూడదని ఆ రోజు మన వైపు కొండపల్లెలకు తెలిసివచ్చింది. 2013లో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన పైలిన్, 2014లో విశాఖను తాకిన హుద్‌హుద్ తుఫాన్లు రెండూ అక్టోబర్ 12నే వచ్చాయి. చిత్త కార్తె ప్రవేశించే ఆ రోజుల్లో వరి పొట్టమీద, ఈనిక మీద ఉంటుంది. కాబట్టి ఆ వారంలో రోజుకు రెండుసార్లు హెచ్చరికలు చూడడం అతి జాగ్రత్త కాదు. అప్పుడు ‘మౌసమ్’లో రాయగడ, గజపతి, శ్రీకాకుళం మూడు జిల్లాలనూ చూడాలి. దానితో పాటు కేంద్ర జలసంఘం 2023లో విడుదల చేసిన ‘ఫ్లడ్‌వాచ్’ యాప్‌లో కాశీనగర్ దగ్గరి వంశధార నీటిమట్టాన్ని కూడా గమనించాలి. కాశీనగర్ మట్టం పెరుగుతున్నదంటే దిగువన హిరమండలం గొట్టా బ్యారేజీ వారికీ అది ముందస్తు వార్తే.

తోడుగా వాడదగినవి మరి రెండున్నాయి. ‘మేఘదూత్’ యాప్‌లో మంగళ, శుక్రవారాల్లో పంటల సలహాలు వస్తాయి. అవి జిల్లాను బట్టి ఆ రాష్ట్ర భాషలో ఉంటాయి కనుక ఒడియా చదవగలిగిన పిల్లల సాయంతోనే మా ఇళ్లలో అవి ఉపయోగపడుతున్నాయి. సలహా మాత్రం సమయానికి తగినట్లే ఉంటుంది. ‘దామిని’ యాప్ పిడుగుల హెచ్చరిక కోసం. పొలంలో పనిచేసే ప్రతివారి ఫోనులోనూ ఇది ఉండాలి, ఈ విషయంలో వాదనకు తావు లేదు. వేట మీద ఆధారపడిన గోపాల్‌పూర్, సోనాపూర్ గంగపుత్రులకు హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే అలల ఎత్తు, గాలి సమాచారమే ముఖ్యం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ముగిసి పడవలు దిగే సమయానికే రుతుపవనాలు మన తీరానికి చేరుతాయి కనుక రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగురుతున్నప్పుడు ఏ యాప్ ఏమి చూపినా పడవ దించకూడదు.

ఫోనుతోనే వచ్చే ప్రైవేటు యాప్‌లు గంట గంటకూ వాన శాతం చూపుతాయి. ఆ శాతాలు కంప్యూటరు నమూనాల నుంచి వస్తాయి. యూరప్ వారి ప్రసిద్ధ నమూనా భూమిని తొమ్మిది కిలోమీటర్ల గడులుగా విభజించి లెక్కిస్తుంది. మన దేశం 2025 మేలో ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ వ్యవస్థ గడి ఆరు కిలోమీటర్లు. గడి ఎంత చిన్నదైనా, మహేంద్రగిరి ఇవతలి వాలుకూ అవతలి వాలుకూ ఉన్న తేడా అందులో పూర్తిగా ఇమడదు. కాబట్టి ‘మధ్యాహ్నం మూడింటికి 80 శాతం’ అన్న అంకెను నమ్మి కూలీలను వెనక్కి పంపడం కంటే, రెండున్నరకు రాడార్ తెరిచి మబ్బు ఎక్కడున్నదో చూడడం మేలు.

వాతావరణ శాఖను నేను కోరేవి మూడు. హెచ్చరికను జిల్లాకు కాక బ్లాకుకు ఇవ్వాలి. వంశధార, నాగావళి పరీవాహకాలను రాష్ట్రాల ప్రకారం విడదీయకుండా ఒకే పటంలో చూపాలి. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల హెచ్చరికలను తెలుగులోనూ వెలువరించాలి. ఇవి వచ్చేదాకా ‘మౌసమ్’కు ఐదింటికి నాలుగు మార్కులు వేస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్క మార్కూ జిల్లాను ఒకే రంగుతో నింపినందుకే.